మీరిచ్చిన కంప్యూటరుకు గాలి ఆడాలి



ఎన్ని కంప్యూటర్లు విరాళంగా వచ్చాయో ప్రతి ఏటా ఈ సంచికలో లెక్క చెబుతుంటాం. ఈసారి పెద్దలు నాకు అప్పగించిన పని వేరు. వచ్చినవాటిలో కొన్ని మధ్యలోనే ఎందుకు ఆగిపోయాయి, ఆగినవాటిని మళ్ళీ ఎలా నడిపించగలిగాం అన్నది రాయమన్నారు. శంషాబాద్‌లోని మన శిక్షణ కేంద్రంలో యంత్రాల మంచిచెడ్డలు చూసుకునే పని నాది. నేను ఇంజనీరును కాను. విప్పి చూసి, తప్పులు చేసి, తెలిసినవారిని అడిగి నేర్చుకున్న సంగతులే ఇక్కడ చెబుతున్నాను. మీ ఇంట్లోనో, దుకాణంలోనో ఉన్న పాత కంప్యూటరుకు కూడా ఇవి పనికొస్తాయి.

పొద్దున నడిచి మధ్యాహ్నం ఆగే యంత్రం

మన కేంద్రం పై అంతస్తులో ఉంది. నెత్తిన స్లాబు, పక్కన పడమటి గోడ. వేసవిలో హైదరాబాద్ పరిసరాల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. అలాంటి రోజుల్లో మధ్యాహ్నం 2 గంటల బ్యాచ్‌కు 20 యంత్రాలు ఒకేసారి నడుస్తాయి.

ఒక మే నెల మధ్యాహ్నం, ఎక్సెల్ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి లేచి నిలబడి "సార్, మళ్ళీ ఆగిపోయింది" అంది. గంటసేపు కొట్టిన జాబితా సేవ్ చేయకముందే పోయింది. రెండు రోజుల్లో ఆమెకు విమానాశ్రయం దగ్గరి ఒక గోదాములో డేటా ఎంట్రీ పరీక్ష ఉంది. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి మన దగ్గరికి వచ్చాక చుట్టుపక్కల గోదాములు, సరుకు రవాణా ఆఫీసులు, హోటళ్ళు పెరిగాయి. వాటిలో చిన్న ఉద్యోగానికైనా కంప్యూటరు ముందు కూర్చోవడం రావాలి. మన పిల్లలు ఇక్కడికి వచ్చేది అందుకే.

ఆ యంత్రాన్ని రిపేరు షాపులో చూపిస్తే "మదర్‌బోర్డు పోయింది, మార్చాలి" అన్నారు. బోర్డుకు అడిగిన డబ్బుతో మరో పాత కంప్యూటరే వచ్చేస్తుంది. అంతకు ముందు ఏడాది ఇలాంటి మాట వినే కొన్ని యంత్రాలను పాత సామాన్లవాడికి ఇచ్చేశాం. ఈసారి మాత్రం నాకు ఒక అనుమానం పట్టుకుంది. బోర్డు పోయి ఉంటే పొద్దున 9 గంటల బ్యాచ్‌లో అదే యంత్రం బాగా ఎలా నడుస్తోంది?

మరునాడు మధ్యాహ్నం దాని పక్క తలుపు ఊడదీసి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టి నడిపాం. సాయంత్రం కేంద్రం మూసేదాకా ఒక్కసారి కూడా ఆగలేదు. పోయింది బోర్డు కాదు. దానికి గాలి ఆడటం లేదు, అంతే. అంటే ముందటి ఏడాది పాత సామాన్ల కింద పోయినవాటిలో కూడా బాగుపడేవి ఉండే ఉంటాయి. అవి మీరు మా చేతికిచ్చిన అమానతు. అందుకే ఈ వ్యాసాన్ని మా పొరపాటు ఒప్పుకోవడంతో మొదలుపెట్టాను.

డబ్బాలో ఏం జరుగుతుంది

మనం వాడుకలో 'సీపీయూ' అని పిలిచే డబ్బా నిజానికి కేబినెట్. సీపీయూ అంటే దాని లోపల మదర్‌బోర్డు మీద కూర్చునే ప్రాసెసర్. కంప్యూటరు తీసుకునే కరెంటంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. పనిలో ఉన్న కంప్యూటరు డబ్బా 100 వాట్లు తీసుకుంటోందనుకుంటే, 20 యంత్రాలు కలిసి 2,000 వాట్ల వేడి పుట్టిస్తాయి. 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టెలు రెండింటిని ఆపకుండా ఆ గదిలో వెలిగించి పెట్టినట్టు లెక్క.

ఈ వేడిని బయటికి మోసుకుపోయేది గాలి ఒక్కటే. 100 వాట్ల డబ్బాలో గాలి వేడి గదికంటే 10 డిగ్రీలకు మించకుండా ఉండాలంటే సెకనుకు సుమారు 8 లీటర్ల గాలి లోపలికి వచ్చి బయటికి పోవాలి. అందులో సగమే ఆడితే తేడా 20 డిగ్రీలవుతుంది. గది 40 డిగ్రీల్లో ఉంటే డబ్బాలో గాలి 60కి చేరుతుంది. చాలా హార్డ్‌డిస్కులకు తయారీదారులు పెట్టిన హద్దు కూడా సుమారు అంతే. ఆ వేడిగాలినే పీల్చుకుని ప్రాసెసర్ చల్లబడాలి. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీలకు దగ్గర పడగానే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి తగ్గకపోతే కాలిపోకుండా ఉండటానికి యంత్రాన్నే ఆపేస్తాయి. మన అమ్మాయి కంప్యూటరు చేసింది అదే. అది జబ్బు కాదు, తనను తాను కాపాడుకోవడం.

ఆగిపోకుండా నడుస్తున్న యంత్రానికి కూడా వేడి లోలోపల హాని చేస్తూనే ఉంటుంది. మదర్‌బోర్డు మీద, కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్‌లో చిన్న చిన్న డ్రమ్ముల్లాంటి కెపాసిటర్లు ఉంటాయి. వాటి లోపలి ద్రవం వేడికి మెల్లగా ఆరిపోతుంది. 10 డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని ఎలక్ట్రానిక్స్ పనివాళ్ళ లెక్క. పైభాగం ఉబ్బిన కెపాసిటర్ కనిపిస్తే ఆ బోర్డు చాలాకాలం వేడిలో నలిగిందని అనుమానించాలి.

మరి ఇవే యంత్రాలు మీ ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి బాగానే నడిచాయి కదా అని మీరు అడగవచ్చు. అక్కడ ఏసీ ఉంది. 24 డిగ్రీల గదిలో నుంచి 40 డిగ్రీల గదిలోకి వస్తే లోపలి ప్రతి భాగం కూడా దాదాపు అదే 16 డిగ్రీలు పైకి పోతుంది. పైగా పాత కేబినెట్లలో చాలావాటికి వెనక చిన్న ఫ్యాను ఒక్కటే ఉంటుంది, కొన్నింటికి అదీ ఉండదు. ఫ్యాను ఉండాల్సిన చోట రేకుకు చిల్లులు కొట్టి వదిలేస్తారు. చిల్లుల మధ్య మిగిలిన రేకు గాలిలో చాలా భాగాన్ని అడ్డగిస్తుంది. దానికి హైవే దుమ్ము, కొత్త కట్టడాల దుమ్ము తోడైతే చెప్పేదేముంది?

కోయడానికి ముందు చేయాల్సినవి

ఫ్యాను కొనే ముందు, రేకు కోసే ముందు మూడు పనులు చేయాలి. సగం యంత్రాలకు ఇవే సరిపోవచ్చు.

మొదటిది దుమ్ము దులపడం. కరెంటు తీసేసి, డబ్బాను బయటికి తీసుకెళ్ళి బ్లోయరుతో ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి. లేకపోతే గాలికి అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. హీట్‌సింక్ రేకుల మధ్య దూదిలా పేరుకున్న దుమ్ము ఊదితే రాదు. ఫ్యాను విప్పి బ్రష్‌తో తీయాలి.

రెండోది థర్మల్ పేస్టు. ప్రాసెసరుకు, దాని మీది హీట్‌సింకుకు మధ్య పూసే ఈ పేస్టు ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోయి సున్నంలా పొడి అవుతుంది. పాతది తుడిచి, మినపగింజంత కొత్తది పెట్టి హీట్‌సింకును సమంగా బిగించాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడుతుందనుకోవడం పొరపాటు.

మూడోది వైర్లు. గాలి దారికి అడ్డంగా వేలాడే వైర్లను పక్కకు చేర్చి ప్లాస్టిక్ ట్యాగ్‌తో కట్టాలి.

ఒక్క హెచ్చరిక. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా అందులోని పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా కరెంటు కొంతసేపు నిలవ ఉండవచ్చు. దాని ఫ్యాను తిరగకపోతే యూనిట్టునే మార్చేయాలి.

ఇవన్నీ చేశాక టేబుల్ ఫ్యాను పరీక్ష పెట్టండి. తలుపు తీసి ఫ్యాను పెడితే బాగా నడిచి, తలుపు మూస్తే ఆగిపోతుంటే ఆ కేబినెట్‌కు అదనపు ఫ్యాను కావాలి. తలుపు తీసినా ఆగుతుంటే లోపం మరెక్కడో ఉంది. అలాంటప్పుడు రేకు కోసి లాభం లేదు. తలుపు తీసేసే నడిపిద్దాం అంటారా? పిల్లల చేతులు, దుమ్ము, బల్లులు అన్నీ లోపలికి పోతాయి. మన కేంద్రంలో అది కుదరదు.

ఏ ఫ్యాను, ఏ కొలత

కేబినెట్ ఫ్యాన్లు ఎక్కువగా 80, 92, 120, 140 మిల్లీమీటర్ల కొలతల్లో దొరుకుతాయి. ఈ అంకె ఫ్యాను చట్రం వెడల్పు. స్క్రూ రంధ్రాల మధ్య దూరం అంతకంటే తక్కువ. 80 ఫ్యానుకు 71.5, 92కు 82.5, 120కి 105, 140కి 124.5 మిల్లీమీటర్లు. కొనే ముందు పాత ఫ్యాను చట్రాన్ని కొలవండి, స్క్రూల దూరాన్ని కాదు. ఈ రెండూ కలగాపులగం చేసుకుని నేను ఒకసారి సికింద్రాబాద్‌కు రెండుసార్లు తిరిగాను.

80 ఫ్యానుతో పోలిస్తే 120 ఫ్యాను వైశాల్యం రెండింతలకు పైనే. అందువల్ల నెమ్మదిగా తిరుగుతూనే అంతే గాలి ఇస్తుంది, చప్పుడు తక్కువ. ఒకే గదిలో 20 యంత్రాలున్నప్పుడు ఆ తేడా పాఠం చెప్పే గొంతుకు తెలుస్తుంది. బేరింగ్ విషయంలో మామూలు స్లీవ్ రకం కంటే బాల్ బేరింగ్ రకం వేడికి ఎక్కువ కాలం నిలుస్తుంది. నాలుగైదు పదుల రూపాయల తేడా ఉన్నా అదే తీసుకోవడం మంచిది.

ఫ్యాన్లు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరుకుతాయి. రేకు కోసే పనిముట్లు కావాలంటే రాణీగంజ్ వెళ్ళాలి. ఫ్యాను, జాలీ, స్క్రూలు, పేస్టు అన్నీ కలిపినా ఒక యంత్రానికి వెయ్యి రూపాయల లోపే అవుతుంది.

ఎక్కడ కోయాలి

ఇక్కడే నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి. మొదటిసారి కేబినెట్ వెనక వైపు రేకునే పెద్దది చేద్దామనుకున్నాను. మదర్‌బోర్డు విప్పడానికి బద్ధకించి, పైన గుడ్డ కప్పి డ్రిల్ పెట్టాను. రేకు రజను గుడ్డ కిందికి కూడా దూరింది. ఊదాను, దులిపాను, స్విచ్ వేశాను. చిటుక్కుమని ఒక చప్పుడు, ఆ బోర్డు మళ్ళీ లేవలేదు. షాపువాళ్ళు పోయిందన్న బోర్డు పోలేదు కానీ, బాగున్న బోర్డును నేను పోగొట్టాను. వెంట్రుకంత ఇనుప రజను చాలు, రెండు టంకం చుక్కలను కలిపి షార్ట్ చేయడానికి.

అప్పటి నుంచి ఒకే నియమం పెట్టుకున్నాం. యంత్రం లోపల ఉండగా ఏ రేకూ కోయకూడదు. దీనికి తేలిక మార్గం పక్క తలుపును ఎంచుకోవడం. రెండు స్క్రూలు తీస్తే తలుపు ఊడి చేతికొస్తుంది. దాన్ని వేరే చోటికి తీసుకుపోయి కోసి, కడిగి, ఆరబెట్టి తెచ్చి బిగించుకోవచ్చు. బోర్డు జోలికే పోనక్కర్లేదు. పాడైతే తలుపు ఒక్కటే పాడవుతుంది.

తలుపు మీద చోటు ఎంచుకునేటప్పుడు రెండు సంగతులు చూడాలి. ఫ్యాను మందం సాధారణంగా 25 మిల్లీమీటర్లు. దాని వెనక కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. కేబినెట్ అంచు మీద అడ్డంగా ఒక స్కేలు పెట్టి, దాని కింద నుంచి హీట్‌సింకు పైభాగం దాకా, ఎస్ఎంపీఎస్ దాకా, కార్డుల దాకా ఎంత లోతుందో కొలవాలి. 35 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉన్నచోట ఫ్యాను లోపల పట్టదు, పక్కకు జరపాలి. రెండోది గాలి దారి. పక్క ఫ్యాను గాలిని లోపలికి తోయాలి, వెనక ఫ్యాను, ఎస్ఎంపీఎస్ ఫ్యాను బయటికి లాగాలి. పక్క ఫ్యానును వెనక ఫ్యానుకు మరీ దగ్గరగా పెడితే వచ్చిన గాలి వచ్చినట్టే బయటికి పోతుంది, మిగతా డబ్బా ఉడుకుతూనే ఉంటుంది. ప్రాసెసరుకు ఎదురుగా, కొంచెం ముందు భాగం వైపు జరిపి పెట్టడం మాకు బాగా కుదిరింది.

ఫ్యాను గాలి ఏ వైపుకు పోతుందో తెలుసుకోవడం తేలిక. మోటారును పట్టి ఉంచే అడ్డపుల్లలు ఏ వైపున ఉంటాయో గాలి ఆ వైపు నుంచే బయటికొస్తుంది. కొన్నింటి చట్రం మీద బాణం గుర్తులు కూడా ఉంటాయి.

రేకు కోసే పద్ధతి

అట్టముక్క మీద 120 ఫ్యాను పెట్టి దాని చుట్టూ పెన్సిలుతో గీయాలి. నాలుగు స్క్రూ రంధ్రాల గుర్తులు పెట్టాలి. ఎదురెదురు మూలలను కలుపుతూ రెండు గీతలు గీస్తే అవి కలిసే చోటు కేంద్రం. ఈ అట్టను తలుపు మీద పెట్టి గుర్తులు దించాలి. కోసే చోటంతా ముందే మాస్కింగ్ టేపు అంటించి, గీతలు ఆ టేపు మీదే పడేట్టు చూసుకుంటే రంగు ఊడదు, గీతా చెరగదు.

120 ఫ్యానుకు నాలుగున్నర అంగుళాల హోల్‌సా సరిగ్గా సరిపోతుంది. అంటే సుమారు 114 మిల్లీమీటర్ల రంధ్రం. 80 ఫ్యానుకైతే మూడంగుళాలది. కేంద్రం దగ్గర పంచ్ కొట్టి, తలుపు కింద చెక్క పలక పెట్టి, నాలుగు మూలలా బిగించాలి. కేబినెట్ రేకు మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి కింద ఆధారం లేకపోతే మెలి తిరుగుతుంది. డ్రిల్ మిషన్ నెమ్మదిగా తిరగాలి, చేత్తో బలంగా నొక్కకూడదు. స్క్రూ రంధ్రాలకు 4.5 మిల్లీమీటర్ల బిట్టు చాలు. కళ్ళద్దాలు తప్పనిసరి. చేతికి గుడ్డ గ్లవ్స్ మాత్రం డ్రిల్ తిరిగేటప్పుడు వద్దు, బిట్టుకు చుట్టుకుంటాయి. కోసిన రేకును పట్టుకునేటప్పుడు వేసుకోవాలి.

హోల్‌సా లేకపోతే గీత వెంబడి పక్కపక్కనే చిన్న రంధ్రాలు వేసి, మధ్య రేకును కత్తెరతో తెంపి, ఆకురాయితో గుండ్రంగా చేయవచ్చు. ఓపిక కావాలి. మాకు మాత్రం హైవే పక్క వెల్డింగ్ షాపు చాచా సాయపడ్డారు. మొదటి తలుపుకు డబ్బులు తీసుకున్నారు. ఇది పిల్లల కేంద్రానికని తెలిశాక మిగతావాటికి తీసుకోలేదు. "నా వంతు చందా ఇది అనుకోండి భాయ్" అన్నారు. దాతల జాబితాలో ఆయన పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు.

కోశాక అంచు బ్లేడులా ఉంటుంది. ఆకురాయితో, తర్వాత గరుకు కాగితంతో నున్నగా చేయాలి. రేకు బయటపడిన చోట తుప్పు పట్టకుండా కాస్త పెయింటు పూయాలి. తలుపును నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే యంత్రం దగ్గరికి తేవాలి. ఫ్యాను లోపలి వైపు, తీగల జాలీ బయటి వైపు పెట్టి నాలుగు స్క్రూలు బిగిస్తే పని పూర్తి. జాలీ లేకుండా ఎప్పుడూ వదలకండి. ఆ ఎత్తులోనే పిల్లల వేళ్ళుంటాయి.

కరెంటు ఎక్కడి నుంచి

ఈ ఫ్యాన్లు 12 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. మదర్‌బోర్డు మీద ఫ్యాను కోసం మూడు లేక నాలుగు పిన్నుల చోటు ఖాళీగా ఉంటే అక్కడ పెట్టాలి. అప్పుడు బయోస్‌లో ఫ్యాను వేగం కూడా కనబడుతుంది. ఖాళీ లేకపోతే ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే నాలుగు పిన్నుల పెద్ద కనెక్టరుకు తగిలించే అడాప్టరు దొరుకుతుంది. దానిలో పసుపు వైరు 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, నలుపు రెండూ ఎర్త్. నలుపు, పసుపు మధ్య కలిపితే ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతుంది. బోర్డు మీది ఒకే చోటుకు రెండు మూడు ఫ్యాన్లు కలిపి తగిలించకండి. అది సాధారణంగా ఒక ఆంపియరుకు మించి ఇవ్వలేదు.

ఫ్యాను తలుపుకు ఉంది కాబట్టి తలుపు తీసినప్పుడల్లా వైరు లాగుతుంది. తలుపును పక్కన పడుకోబెట్టడానికి సరిపడా పొడవు వదిలి, లోపలి ఫ్యాను రెక్కలకు తగలకుండా ట్యాగ్ వేయాలి. తలుపు మీద "లోపల వైరు ఉంది, మెల్లగా తీయండి" అని చీటీ అంటించాం. చిన్న విషయమే కానీ ఆ చీటీ లేనప్పుడు రెండు వైర్లు తెగాయి.

దుమ్ము, గది

గాలిని లోపలికి తోసే ఫ్యాను దుమ్మును కూడా తోస్తుంది. అందుకే జాలీ మీద దోమతెర గుడ్డను గుండ్రంగా కత్తిరించి బిగించాం. అది గాలిని కొంత తగ్గిస్తుంది, దుమ్ము పట్టేకొద్దీ మరింత తగ్గిస్తుంది. నెలకోసారి తీసి ఉతకాలి. ఉతకని గుడ్డ ఉన్నా, అసలు ఫ్యానే లేకపోయినా ఒకటే.

ఇంకొక ముఖ్య విషయం. ఫ్యాను వేడిని డబ్బాలో నుంచి తీసి గదిలో పడేస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. డబ్బాను గదికంటే చల్లగా ఉంచడం ఏ ఫ్యాను వల్లా కాదు. ఇందాక చెప్పిన 2,000 వాట్ల వేడి గదిలో నుంచి కూడా పోవాలి. మేం పడమటి గోడకు పైన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించి, తూర్పు కిటికీలు తెరిచాం. కంప్యూటర్ల వెనక వైపు గోడకు ఆనుకుని ఉండేది, దాన్ని జానెడు ముందుకు జరిపాం. ఇదివరకు ఒక వరుస వెనక నుంచి వచ్చే వేడిగాలి వెనక వరుస యంత్రాల ముందు భాగానికి కొట్టేది. ఇప్పుడు రెండు వరుసల వెనక భాగాలు ఎదురెదురుగా పెట్టాం.

ఇది మా తెలివి కాదు. పెద్ద డేటా సెంటర్లన్నీ ఇదే పద్ధతి పాటిస్తాయి. చల్లగాలి నడవ వేరు, వేడిగాలి నడవ వేరు, రెండూ కలవనివ్వరు. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో ప్రారంభించిన హైదరాబాద్ రీజియన్ డేటా సెంటర్లు మన రంగారెడ్డి జిల్లాలోనే ఉన్నాయి. అక్కడ వేలాది యంత్రాలకైనా, ఇక్కడ మన 20 పాత యంత్రాలకైనా సూత్రం ఒక్కటే. చల్లనిది వచ్చే దారి, వేడిది పోయే దారి వేరువేరుగా ఉండాలి.

ఫలితం తెలుసుకోవడం

చేతితో తాకి చల్లగా ఉందనుకోవడం లెక్కలోకి రాదు. ప్రాసెసర్ వేడిని చూపే ఉచిత ప్రోగ్రాములున్నాయి. ఫ్యాను పెట్టక ముందు, పెట్టాక, ఒకే పని అరగంట నడిపి అంకె రాసుకోవాలి. పక్కనే గది ఉష్ణోగ్రత కూడా రాయాలి. ఉదాహరణకు గది 36, ప్రాసెసర్ 80 ఉంటే తేడా 44. ఫ్యాను పెట్టాక గది 39, ప్రాసెసర్ 74 ఉంటే తేడా 35. పైకి చూస్తే 6 డిగ్రీలే తగ్గినట్టుంది, నిజానికి తగ్గింది 9. గది వేడి రాసుకోకపోతే ఆ లాభం మనకు కనిపించదు. ప్రతి యంత్రానికి ఒక కార్డు పెట్టి ఈ అంకెలు, దుమ్ము దులిపిన తేదీ రాస్తున్నాం. కేంద్రానికి వచ్చినప్పుడు ఆ కార్డులు అడిగి చూడండి.

దాతలకు ఒక మనవి

కొత్త కంప్యూటరు ఇస్తే ఫోటో ఉంటుంది, పేరు ఉంటుంది. దుమ్ము దులపడానికి, పేస్టు కొనడానికి, ఫ్యాను పెట్టడానికి ఎవరూ పేరు అడగరు. కానీ మన వక్ఫ్ సంప్రదాయం ఈ విషయంలో ఎప్పుడో దారి చూపింది. హనఫీ ఫిఖ్ ప్రకారం వక్ఫ్ ఆస్తి మీద వచ్చే ఆదాయంలో మొదటి ఖర్చు ఆ ఆస్తి మరమ్మతుకే. వక్ఫ్ చేసినవారు ఆ షరతు రాయకపోయినా సరే. కారణం స్పష్టమే. ఆస్తి నిలబడితేనే దాని మేలు నిలబడుతుంది. మీరిచ్చిన కంప్యూటరు కాగితాల మీద వక్ఫ్ కాకపోవచ్చు, కానీ ఆలోచన అదే.

కాబట్టి ఈ ఏడాది మూడు కోరికలు. పాత కంప్యూటరు ఇచ్చేటప్పుడు దాని స్క్రూలు, పక్క తలుపు, కేబుళ్ళు కూడా పంపండి. తలుపు లేని డబ్బాలు మాకు చాలా వస్తున్నాయి. ఒక యంత్రం ఇస్తే దాని ఒక ఏడాది సంరక్షణకు కూడా కొంత కలపండి. ఇవ్వడానికి యంత్రం లేనివారు ఒక ఫ్యాను ఇవ్వండి, లేదా ఒక ఆదివారం వచ్చి బ్రష్ పట్టుకోండి. అదీ విరాళమే.

ఆ రోజు ఆగిపోయిన యంత్రానికి మేం 7వ నంబరు వేశాం. ఆ అమ్మాయి పక్క యంత్రం మీద సాధన చేసి పరీక్షకు వెళ్ళింది. ఆ గోదాములో ఉద్యోగం రాలేదు. తర్వాత మరోచోట బిల్లింగ్ పనిలో చేరింది. 7వ నంబరు పక్క తలుపుకు ఇప్పుడు గుండ్రటి జాలీ ఉంది. మొన్నటి మే నెలంతా మధ్యాహ్నం బ్యాచ్‌లో ఆగకుండా నడిచింది. దాని ముందు ఇప్పుడు కూర్చునేది ఆ అమ్మాయి చెల్లెలు. నెలకోసారి దోమతెర గుడ్డ ఉతికే బాధ్యత కూడా తనదే.